వెనక బెంచీకి చెప్పు

మొయినాబాద్ దగ్గర మా చిన్న ప్రైవేటు యూనివర్సిటీలో అందరూ కంప్యూటర్ కోర్సులకు ఎగబడుతున్న రోజులవి. బీఏ హిస్టరీకి మిగిలింది నేనూ, చేవెళ్ల నుంచి వచ్చే ఒకమ్మాయీ. భర్త సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కోసం కోస్తా నుంచి ఇటు వచ్చేసిన మా మేడం మాత్రం నిండిన హాల్లోలాగే గొంతెత్తి పాఠం చెప్పేవారు. లైబ్రరీలో ముందే చదివేసిన నేను జవాబు అందుకుంటే, "నాకు తెలుసులేవయ్యా, వెనక బెంచీకి చెప్పు" అనేవారు. నేను లేచి, ఖాళీ బెంచీ వైపు తిరిగి, అంతా విడమరిచి చెప్పాలి. చేవెళ్ల అమ్మాయికి నవ్వు ఆగేది కాదు.

సోమవారంలోగా మూడో విద్యార్థి చేరకపోతే కోర్సు ఎత్తేస్తామన్నారు యూనివర్సిటీ వాళ్లు. శుక్రవారం కూడా మేడం గొంతు తగ్గలేదు. ఆ రోజు ఒక కంప్యూటర్ కుర్రాడు తన క్లాసు ఎగ్గొట్టి, ఫ్యాను కింద నిద్రపోదామని మా వెనక బెంచీ మీద పడుకున్నాడు.

1908లో హైదరాబాద్‌ను ముంచిన మూసీ వరద పాఠం. అలవాటుగా వెనక్కి తిరిగి చెప్పాను. నీళ్లు ఇళ్లను ముంచేస్తుంటే జనం చింతచెట్టెక్కారన్నాను. బెంచీ మీంచి తల లేచింది.

"అన్నా, చెట్టెక్కినోళ్లు బతికిండ్రా?"

నేను నోరు తెరిచేలోగా మేడం చెయ్యెత్తి ఆపారు. "సోమవారం చెబుతాం. కోర్సు మారి రా."

"గిదేంది మేడం! జర ఇప్పుడే చెప్పుండ్రి!"

సోమవారం కోర్సు మారి మరీ వచ్చాడు. మేడం సంబరంగా ముందు బెంచీ చూపించారు.

"వద్దు మేడం, ఈడనే కూసుంట. అన్న ఈడికే గద చెప్తడు!"