సువార్తమ్మ బోణీ

మా వదిన సువార్తమ్మకు నోరు పెద్దది, ఊపిరి చిన్నది. ఆదోనిలో ఒక జిన్నింగు ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి పత్తి నుసి పీల్చి ఉబ్బసం తెచ్చుకుంది. మొగుడు పోయాక ఎమ్మిగనూరు వచ్చి తమ్ముడి ఇంట్లో, అంటే మా ఇంట్లో ఉండేది. కర్నూలు రాజధాని అయిన కొత్తలో మాట ఇది. వారం వారం ఆదోని పెద్దాసుపత్రికి పోయి సూది వేయించుకోవాలి. అది తప్పిందా, తెల్లవార్లూ గోడకు ఆనుకుని ఈల వేసినట్టు ఊపిరి లాగేది. నేను వీపు నిమురుతూ ఏడ్చేదాన్ని.

పొద్దున మొదటి బస్సే దిక్కు. తర్వాతి బస్సుకు పోతే డాక్టరు వెళ్లిపోయి ఉంటాడు. ఆ మొదటి బస్సు ఎక్కడం ఉంది చూశారూ, అది ఎక్కడం కాదు, కుస్తీ. కిటికీల్లోంచి తువ్వాళ్లు విసరడం, మూటలు, కోళ్లు, మోచేతులు! ఒకసారి బస్సు గుమ్మంలోనే నలిగిపోయి వదిన పెదాలు నల్లబడ్డాయి. నేనే బయటికి లాగి కింద పడుకోబెట్టాను. బస్సు వెళ్లిపోయింది. ఒక్కడంటే ఒక్కడు వెనక్కి తిరిగి చూడలేదు, వాళ్ల మొహాలు మండ!

కాస్త తెప్పరిల్లగానే వదిన అన్నది ఒకటే మాట. "మరియమ్మా, ఇంగ నేను గుంపు కంటే ముందే ఎక్కుతా."

బస్సు ఏజెంటు లక్ష్మప్పను మర్యాదగానే అడిగింది. "అప్పా, నాకు ఆయాసం. ఆ తోపులాటలో సచ్చిపోతాను. నన్ను ముందు ఎక్కనీ."

"బోణీ బస్సు ఇది! పొద్దున్నే ముండమోసినదాన్ని, అందులోనూ రోగిష్టిదాన్ని ఎక్కిస్తే దోవలో టైరు పగల్దా? శెట్టిగారు ఎక్కినాక అందర్తో పాటు ఎక్కు."

రోజూ బస్సుకు కొబ్బరికాయ కొట్టాక, పత్తి వ్యాపారి వెంకటకృష్ణయ్య శెట్టి కుడికాలు పెట్టి ఎక్కాలి. ఆ తర్వాతే మిగతా లోకం. ఊరి బయట గేరిలో, అంటే వెలివాడలో, పుట్టిన మాకు, చర్చికి పోయేవాళ్లమైనా సరే, ఆ లోకంలోనూ చివరి చోటే.

మరుసటి వారం వదిన నన్ను చీకటితోనే లేపి బస్సు షెడ్డుకు తీసుకుపోయింది. షెడ్డులో డ్రైవరు జయన్న బస్సు కడుగుతున్నాడు. వదిన మెట్టు మెట్టుకూ ఆగి ఊపిరి తీసుకుంటూ ఎక్కి, ముందు వరసలో కూర్చుంది.

"అక్కా, నా ఉద్యోగం తీస్తావా?" అన్నాడు జయన్న.

"నువ్వు నన్ను సూడలే. అంతే సెప్పు."

జయన్న నవ్వు ఆపుకుని బస్సును స్టాండుకు తెచ్చాడు. నాకు ఎక్కే ధైర్యం చాలక వెనకాలే నడిచి వచ్చాను.

కొబ్బరికాయ పట్టుకుని వచ్చిన లక్ష్మప్ప వదినను చూసి కొయ్యబారిపోయాడు. "ఏయ్! దిగు! దిగమంటాండా!"

"దిగను. దిగితే మళ్లా ఎక్కలేను."

"దిగకపోతే ఈడ్పిస్తా!"

"ఈడ్సు. రా, చెయ్యి పట్టుకోని ఈడ్సు" అని వదిన చెయ్యి చాపింది.

లక్ష్మప్ప ఒకడుగు వెనక్కి వేశాడు. పూజకని స్నానం చేసి వచ్చిన ఒళ్లు! మా గేరి మనిషిని ముట్టుకుంటే ఇంటికి పోయి మళ్లీ తల మీద నీళ్లు పోసుకోవాలి. కండక్టరు వైపు చూస్తే అతను నేల చూపులు చూశాడు. "లాగండి, లాగండి" అని అరిచేవాళ్లే అంతా, లాగేవాడు లేడు. ఇన్నేళ్లు మమ్మల్ని దూరం పెట్టిన మైల ఇప్పుడు వాళ్ల చేతులే కట్టేసింది. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

అప్పుడు లక్ష్మప్ప కన్ను నా మీద పడింది. "నువ్వు దాని మనిషివే కదా! ఎక్కి దించు. లేకుంటే మీ గేరోళ్లు ఒక్కరు కూడా ఇంగ నా బస్సు ఎక్కరు!"

అందరూ నన్నే చూస్తున్నారు. వదిన వైపు చూశాను. నన్ను చూస్తూ ఊపిరి లాగుతోంది, అంతే. కింద నిలబడ్డ నాకు ఆ ఈల వినిపించింది. బస్సెక్కాను. వదిన రెక్క పట్టుకున్నాను. పట్టుకుని ఆమె పక్కనే కూర్చున్నాను.

"ఇప్పుడు ఇద్దర్ని ఈడ్సాల, లక్ష్మప్పా!" అన్నాను. ఆ గొంతు నాదేనా అని నాకే అనుమానం వచ్చింది.

ఎండ ఎక్కింది. చివరికి శెట్టికే విసుగొచ్చింది. "లక్ష్మప్పా, బోణీ నీది, బేరం నాది. ఆడ పత్తి వేలం అయిపోతే నా నష్టం నువ్విస్తావా?" అంటూ ఎక్కి, మా వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. ఆయన వెనకాల జనం ఎగబడ్డారు.

బస్సు కదిలింది. లక్ష్మప్ప కిటికీ పక్కన నడుస్తూ వేలు చూపించాడు. "వచ్చే వారం రా! ఎట్లా ఎక్కుతావో సూస్తా!"

వదిన ఉన్న ఊపిరంతా కూడగట్టుకుని తల బయట పెట్టింది.

"వస్తా! మా గేరిలో ఆయాసమోళ్లు, కడుపుతో ఉండేటోళ్లు, కుంటోళ్లు శానామంది ఉండారు. అందర్నీ తోడుకోని వస్తా. ఒక్కొక్కర్నీ ఈడ్సుకుంటా ఉండు!"