మేమే ఆపిన దారి

తెలంగాణ ఉద్యమం రోజులు. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో వంటావార్పు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి మటన్ వండాం. కొలెస్ట్రాల్ ఎక్కువుందని డాక్టర్ హెచ్చరించినా, మా ఆయన కొవ్వు ముక్కలే అడిగి మరీ వేసుకున్నారు.

"గీ ఒక్కపూటకు ఏమైతదే?" అన్నారు.

చెయ్యి కడగకముందే ఛాతీ పట్టుకుని కూలబడ్డారు. ఒళ్లంతా చెమటలు. దిల్‌సుఖ్‌నగర్ దవాఖానకు పోదామని ఆటో ఎక్కిస్తే, ముందు దారంతా మా పొయ్యిలే!

"జర జరగుండ్రి! మనిషి పోతడు!" అని అరిచాను. అక్కడున్నోళ్లంతా నినాదాలు ఆపి, మెడలోని కండువాలతోనే మసిలే గిన్నెలను పట్టి పక్కకు లాగారు.

ఆయన బతికారు. "ఒక్కపూటతో వచ్చింది కాదమ్మా, ఏళ్ల తరబడి కొవ్వు పేరుకుని రక్తనాళం మూసుకుపోయింది" అన్నాడు డాక్టర్.

రోడ్డు మీది అడ్డు క్షణంలో తీసేశారు. మా ఇంటి గిన్నెలోంచి ఆయన గుండెకు పడ్డ అడ్డు తీయడానికి మాత్రం ఆపరేషన్ కావాల్సి వచ్చింది.