గోడవైపు కమ్మీ లేని మంచం

2003లో భవానీపూర్‌లో, మెట్రో స్టేషన్‌కు నాలుగు సందుల అవతల, నాకు చిన్న చెక్కపని షెడ్డు ఉండేది. అల్మారాలు, రాత బల్లలు కూడా చేసేవాణ్ణి గానీ, నాకు పేరు తెచ్చింది మాత్రం బంక్ బెడ్. ఒకదాని మీద ఒకటి రెండు పడకలు, ఎక్కడానికో నిచ్చెన. గది ఒకటే, పిల్లలు ఇద్దరు అన్న ఇళ్లలో అది వస్తే కాస్త నేల మిగిలేది. ఇక్కడి బెంగాలీలు దాన్ని దోతలా ఖాట్, అంటే మేడ మంచం, అని ముద్దుగా అడిగి చేయించుకునేవారు.

నిజానికి ఆ డిజైన్ మా నాన్నదనాలి. శ్రీకాకుళం నుంచి వచ్చి, లిలువా రైల్వే వర్క్‌షాపులో పాతికేళ్లు రైలు పెట్టెలకు చెక్కపని చేశాడాయన. రైల్లో పై బెర్త్ ఎలా ఉంటుందో నేనూ అలాగే చేశాను. ముందువైపు పిల్లలు పడిపోకుండా ఒక కమ్మీ, గోడవైపు ఏమీ లేదు. గోడే ఉండగా కమ్మీ ఎందుకు? ఎవరైనా మెచ్చుకుంటే, మాది రైలు వంశం అని గొప్పలు పోయేవాణ్ణి.

ఆ ఏడు వానాకాలంలో, విదేశాలకు ఫర్నిచర్ పంపే ఒక బెంగాలీ వ్యాపారి కొత్త భద్రతా నియమాల కాగితాలు తెచ్చి, వాటికి తగ్గట్టు నా మంచం మార్చి నమూనా చేసిమ్మన్నాడు. పై పడకకు గోడవైపు కూడా గార్డ్ రైల్, అంటే అడ్డు కమ్మీ, ఉండాలట. ఏ సందూ మూడున్నర అంగుళాలు మించకూడదట. "దాదా, గోడకి మళ్లీ గోడ కట్టమంటారా?" అని వెటకారమాడాను. ఆయన నవ్వలేదు. ముందు చేసి చూడమన్నాడు.

ఆ కాగితాల్లో టెస్ట్ బ్లాక్ అని ఒకటుంది. చిన్నపిల్లల ఒంటి కొలతకు చెక్కిన కొయ్య దిమ్మ. అది పట్టిన సందులోంచి పిల్ల ఒళ్లు జారిపోతుంది, తల మాత్రం ఆగిపోతుంది. దిమ్మ చెక్కి, షెడ్డులో ఉన్న మంచాన్ని గోడకు ఆనించి చూశాను. దూరలేదు. లోలోపల సంబరపడ్డాను కూడా. తర్వాత నిచ్చెన నాలుగైదుసార్లు ఎక్కి దిగాను. మంచం గోడ నుంచి కొంచెం కొంచెంగా జరిగింది. ఈసారి దిమ్మ హాయిగా కిందికి వెళ్లిపోయింది.

రైలు బెర్త్‌ను పెట్టె గోడకు బిగిస్తారు. నా మంచం నాలుగు కాళ్ల మీద ఊరికే నిలబడుతుంది. ఈపాటి తేడా పన్నెండేళ్లుగా నా మట్టి బుర్రకు తట్టలేదు.

నమూనా పని పక్కన పెట్టేసి, మంచాలు ఎక్కడెక్కడ ఇచ్చానో గుర్తు తెచ్చుకుని, కమ్మీలు, స్క్రూలు మోసుకుంటూ ఇల్లిల్లూ తిరిగాను. చాలామంది నా కంగారు చూసి నవ్వారు, టీ ఇచ్చారు, పని చేయించుకున్నారు. సంత్రాగాఛిలో మాత్రం ఎవరూ నవ్వలేదు.

అది రైల్వే క్వార్టర్స్‌లో మా జిల్లావాళ్ల ఇల్లు. భర్త యార్డులో డ్యూటీకి వెళ్లాడు. భార్య పార్వతి తలుపు తీసింది. వాళ్ల ఆరేళ్ల కూతురు చిన్ని బల్ల కింద చాప మీద కూర్చుని బొమ్మలు గీసుకుంటోంది. పై పడక మీద పరుపు లేదు, ట్రంకు పెట్టెలున్నాయి. పిల్ల పైన పడుకోవడం లేదా అని అడిగాను.

"దానికి కుదురు నేదు బాబూ. నిద్దట్లో పొర్లుతాది. కిందే పడుకోబెడతన్నాను," అంది పార్వతి.

నేను వచ్చిన పని చెప్పాను. మాటల్లో అర్థం కాదేమోనని, మంచం కాస్త జరిపి, గోడకూ పడకకూ మధ్య దిమ్మ వదిలాను. అది నేల మీద దబ్బున పడింది.

పార్వతి మంచం కోడు పట్టుకుని, మూణ్ణెల్ల కిందటి సంగతి చెప్పింది. ఒక తెల్లవారుజామున గోడవైపు చప్పుడైతే లేచిందట. పిల్ల ఒళ్లంతా సందులోకి జారి, గడ్డం చెక్కకు తట్టుకుని వేలాడుతోందట. కింది నుంచి ఎత్తిపట్టి బయటికి తీసిందట.

"తీసి గుండెకి హత్తుకోవాల్సింది పోయి, కొట్టినాను బాబూ. కుదురుగా పడుకోనేవా అని ఈపు మీద కొట్టినాను. ఆ పొద్దు కాడ్నించి పైకెక్కుతానని అడగనేదు."

తప్పు నాది, దెబ్బలు ఆ పసిదానివి. సిగ్గుతో చచ్చిపోయాను. బల్ల ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను.

"నువ్వు సరిగ్గానే పడుకున్నావమ్మా. మంచం నేనే తప్పుగా చేసినాను."

చిన్ని పెన్సిల్ ఆపింది. నావైపు కాదు, తల్లివైపు చూసింది. పార్వతి తలూపింది.

పెట్టెలు దించి, గోడవైపు కమ్మీలు వేసి, మంచాన్ని ఇనప పట్టీలతో గోడకు బిగించాను. దిమ్మ చిన్ని చేతికిచ్చి, ఎక్కడైనా పడుతుందేమో చూడమన్నాను. అబ్బో, నాలుగు పక్కలా తోసి తోసి చూసింది, ఏ ఇన్‌స్పెక్టరూ అంత గట్టిగా చూడడు. "పట్టనేదు," అని తేల్చింది. అయినా ఎక్కలేదు. నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టి, తీసేసింది.

అప్పుడు పార్వతి కొంగు నడుముకు దోపి తనే ఎక్కింది. పిల్ల జారిన చోటే, కొత్త కమ్మీకి వీపు ఆనించి ముడుచుకుని పడుకుంది. రమ్మని చెయ్యి చాపింది. చిన్ని కాసేపు చూసి, ఎక్కి, తల్లి చంకలో దూరింది.

పై పడక మీదికి పెద్దవాళ్లు ఎక్కకూడదు. నేను చేసిన పలక ఎంత మోస్తుందో నాకు తెలుసు. దిగమనడానికి మాత్రం నోరు రాలేదు. పలక కింద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాను.

పనిమంతుడి తప్పు పనిమంతుడి దగ్గర ఆగదని, చేతులు లాగుతుండగా అక్కడే తెలిసింది. అది ఇంట్లో చేరి, ఇంటికి చిన్నవాళ్ల మీద పడుతుంది. వెతుక్కుంటూ వెళ్లి, ఇది నాదని చెప్పేదాకా వాళ్లే మోస్తారు.

పైన గుసగుసలు వినిపించాయి. "అమ్మా, మరి నాను కుదురుగానే పడుకున్నానా?" అంటోంది చిన్ని.

"కుదురుగానే పడుకున్నావే," అంది పార్వతి. ఆ మాట పిల్ల మూడుసార్లు చెప్పించుకుంది.