బెల్టు ముందు రెండు గంటలు

కృపామణికి చూపు మందగించిందని ఢిల్లీబాబు రిజిస్టరులో రాసి, ఆమెను బెల్టు దగ్గర్నుంచి తీసి తొక్కలు ఎత్తే పనిలో పడేశాడు. చిత్తూరు పక్కన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో అతను సూపర్‌వైజరు. ఆమె పదకొండేళ్లుగా, బెల్టు మీద కదిలిపోయే కాయల్లోంచి కుళ్లినవి ఏరిపారేసే మనిషి. ఆ రాత సంగతి బయటికి పాకిందంటే ఇక ఏ ఫ్యాక్టరీవాళ్లూ ఆమెను ఏరడానికి పిలవరు. అది తెలిసే రాశాడు, మహానుభావుడు.

అసలు జరిగింది వేరు. బెల్టు దగ్గర ఆడవాళ్లు అరగంటకోసారి చోట్లు మార్చుకునేవాళ్లు. కాసేపు ఏరడం, కాసేపు కూర్చుని తొడిమలు కోయడం. ఢిల్లీబాబు కంటికి అది పని ఎగ్గొట్టడంలా కనబడి మాన్పించాడు. వారం తిరక్కుండా కుళ్లు కాయలు గుజ్జులోకి పోయాయి. తప్పు ఎవరో ఒకరి మెడకు చుట్టాలి కదా, ఆమెకు చుట్టాడు.

కంటి డాక్టరు ముందు కృపామణి గోడమీది అక్షరాల అట్టను ఆఖరి వరస దాకా గడగడా చదివేసింది.

"కండ్లు బాగుండాయమ్మా," అన్నాడాయన. "ట్యూబులైటు కింద రెప్ప ఆడించకుండా గంటలు గంటలు సూస్తే కన్ను ఎండిపోతాది. దాంతో బుర్ర అలిసిపోతాది. ఆపైన కన్ను సూస్తానే ఉంటాది, బుర్రకు మాత్రం ఎక్కదు. నిద్ర తక్కువైతే ఇంకా మోసం."

అదే మాట చీటీ మీద రాయించుకుంది. ఏడవలేదు. ఏం చేస్తే తన కడుపు చల్లబడుతుందా అని బస్సులో దారంతా ఆలోచించింది.

సోమవారం యజమాని యోగానంద రాగానే చీటీ చేతిలో పెట్టింది. "ఈ సారును రెండు గంటలు బెల్టు కాడ నిలబెట్టండి సార్. మంచి కాయల్లో ఇరవై కుళ్లువి నేనేస్తా. ఎన్ని ఏరతాడో మీరే సూడండి."

"ఇదీ ఒక పనేనా," అని ఢిల్లీబాబు చొక్కా చేతులు మడిచాడు.

మొదటి గంటన్నరలో ఆమె వేసింది అయిదే. అయిదూ పట్టుకుని అతను మీసం దువ్వుకున్నాడు. మిగతా పదిహేనూ ఆఖరి అరగంటకని దాచింది. చూపు ఎప్పుడు మొద్దుబారుతుందో ఆమెకు తెలియదా? అప్పటికి అతను కళ్లు నులుముకుంటున్నాడు, ఆవులిస్తున్నాడు. పదిహేనింటిలో పదకొండు అతని ముక్కు కిందనుంచే దాటిపోయాయి.

అంతసేపు బెల్టును చూసి, నిలబడే బల్ల మీంచి దిగితే నేల ఎదురు దిక్కుకు జారినట్టుంటుంది. ఆడవాళ్లయితే కమ్మీ పట్టుకుని, కాసేపు కళ్లు మూసుకుని దిగుతారు. ఆ సంగతి కృపామణి అతనికి చెప్పలేదు. దిగీ దిగగానే తూలి, తొక్కల కుప్పలో చతికిలబడ్డాడు.

"మే, చెయ్యియ్యి," అన్నాడు.

ఆమె రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది. జాలి కలగలేదు, సంతోషమే కలిగింది. "రిజిస్టరు తెప్పించండి సార్," అంది యజమానితో. "నా మీద రాసింది ఆడనే కూర్చోని కొట్టేయమనండి. ఆపైన లేపుతా."

యోగానంద తెప్పించాడు. ఢిల్లీబాబు పెన్ను పట్టుకుని పేజీలోకి చూశాడు. అక్షరాలు నిలబడటం లేదు, తను రాసిన వరసే అతనికి దొరకలేదు.

కృపామణి వంగి, వేలు పెట్టి చూపించింది.