మావయ్యకు చెప్పని మాట

ఇప్పుడు నేను రాయపూర్‌లో మాట్లాడటం నేర్పి బతుకుతున్నాను. స్టీలు వ్యాపారుల దగ్గర, బీమా ఆఫీసుల్లో, కొత్తగా పెట్టిన పెద్ద పెద్ద షాపుల్లో కుర్రాళ్ళని కూర్చోబెట్టి, కస్టమరు కోపంగా వస్తే ఏమనాలి, ఫోనెలా ఎత్తాలి, పెళ్ళి విందులో ముక్కూమొహం తెలియనివాళ్ళతో కబుర్లెలా మొదలుపెట్టాలి, ఇవన్నీ చెబుతాను. టై కూడా కట్టుకుంటాను. క్లాసు చివర్లో ఎవడో ఒకడు, సార్ మీరెక్కడ నేర్చుకున్నారని అడుగుతాడు. టాటీబంధ్‌లో అంటాను. అందరూ నవ్వుతారు. లారీలూ, ధాబాలూ, బూతులూ తప్ప అక్కడేముంది మరి. నాకు కింద రెండు పళ్ళు లేవన్న సంగతి వాళ్ళెవరూ గమనించరు. నవ్వేటప్పుడు నోరు ఎంత తెరవాలో కూడా నేర్చుకున్నాను.

నిజానికి నేను ముందు నేర్చుకున్నది మాట కాదు, కొట్టడం. మాది విజయనగరం వైపు, నాన్నకి ఇక్కడ రైల్వేలో ఉద్యోగం. మా కాలనీలో తెలుగిళ్ళన్నిటికీ ఒక కట్టుబాటు ఉండేది. గుమ్మంలోగానీ వీధిలోగానీ నలుగురి ముందు ‘రండి’ అనకూడదు. మనకది మర్యాద. హిందీవాళ్ళ చెవిన పడితే అదే మాట, ఒళ్ళమ్ముకునే ఆడదాన్ని తిట్టే బూతు. అందుకని మనవాళ్ళెవరైనా వస్తే అమ్మ చేతులు జోడించి ‘దయచెయ్యండి’ అనేది, పక్కింటివాళ్ళయితే ‘ఆయియే’ అనేది. ఎందుకు అనకూడదో మాత్రం పెద్దవాళ్ళెవరూ మాకు చెప్పలేదు. చెప్పాలంటే ఆ అర్థం నోటితో పలకాలి కదా.

నాకది ఐదో తరగతిలో తెలిసింది. మీ భాషలో పెద్దవాళ్ళని రమ్మని ఎలా పిలుస్తారని క్లాసులో ఒకడు అడిగితే గొప్పగా చెప్పాను. మర్నాడు అమ్మ టిఫిను డబ్బా తెచ్చి గేటు దగ్గర నిలబడింది. పదిమంది పిల్లలు కిటికీ ఊచలు పట్టుకుని, అమ్మని చూస్తూ ఆ మాటే అరిచారు. అమ్మ డబ్బా కింద పెట్టేసి తలొంచుకుని వెళ్ళిపోయింది. ముందురోజు నన్నడిగినవాడి జుట్టు పట్టుకుని తలని బల్ల అంచుకేసి కొట్టాను. కనుబొమ్మ చీలి, నెత్తురు నా చొక్కా మీద కూడా పడింది. సాయంత్రం నాన్న నన్ను బెల్టుతో బాదాడు, కానీ వాణ్ణెందుకు కొట్టావని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే నేను చెప్పాల్సి వచ్చేది.

అప్పట్నుంచీ నాకు చెయ్యి ముందు, నోరు తర్వాత. రాయపూర్ రాజధాని అయిన కొత్తలో టాటీబంధ్‌లో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో బుకింగు గుమాస్తాగా చేరాను. లోడు ఆలస్యమైందని డ్రైవర్లు, సరుకు తడిసిందని వ్యాపారులు, అందరూ నా బల్ల దగ్గరికే వచ్చేవాళ్ళు. మొదటి తిట్టు వాళ్ళది, మొదటి దెబ్బ నాది. ఒకసారి ఒకడి వేలు బల్ల సొరుగులో పెట్టి మూసేశాను. ఆ వేలు విరిగిన చప్పుడు విని నాకు సంతోషం వేసింది. ఇలాంటివి చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, అయినా అప్పుడు వేసింది సంతోషమే.

ఆ రోజుల్లోనే మావయ్య మా ఇంటికి వచ్చాడు. అమ్మకి సొంత అన్న. విజయనగరంలో బట్టల కొట్లో పాతికేళ్ళు చీరలు చూపించినవాడు. అత్తయ్య పోయింది, ఆ తర్వాత కొట్టూ మూతపడింది. తెల్లచొక్కా, నున్నగా దువ్విన జుట్టు, ఎవరు కనిపించినా ముందు చేతులు జోడించడం. ఆయన గొంతు పెంచగా నేను వినలేదు. మా అమ్మ చెప్పడం, చిన్నప్పుడు ఆయన కుక్కని కూడా అదిలించేవాడు కాదట. కొన్నాళ్ళకి ఈ ఊరి బట్టల బజారైన పండరీలో ఒక హోల్‌సేల్ బట్టల కొట్లో నాన్న ఎవరితోనో చెప్పించి ఆయన్ని చేర్పించాడు.

నాకు మాట నేర్పింది ఆయనే. ఆదివారాలు అరుగు మీద కూర్చుని, కొట్టుకొచ్చినవాళ్ళకి ముందు చీర కాదు కుర్చీ చూపించాలనేవాడు. మంచినీళ్ళిచ్చి, ఎంత దూరం నుంచి వచ్చారని అడిగి, ఆ జవాబు పూర్తయ్యేదాకా చేతిలో గుడ్డ ముట్టుకోకూడదనేవాడు. నా గొడవల గురించి అమ్మ చెప్పి ఏడిస్తే, నన్ను కూర్చోబెట్టుకుని ఒక్కటే చెప్పాడు.

“కోపంగా వచ్చినోడి మాట ముందు ఒప్పీసుకోరా అల్లుడా. నీదే నిజం అను. అనీసావనుకో, ఇంక ఆడికి కొట్టడానికేటీ మిగల్దు.”

నేను నమ్మలేదు. కానీ ఒకరోజు ఒక డ్రైవరు టైర్లు విప్పే పానా పట్టుకుని నా బల్ల మీదికి వచ్చాడు. రెండు రోజులుగా లోడు లేక ధాబాలో పడి ఉన్నాడు. నా కాలు అప్పటికే స్టూలు తన్నడానికి లేచింది. ఎందుకో మావయ్య గుర్తొచ్చి, తప్పు మాదే, రెండు రోజులంటే నేనైనా ఇలాగే వచ్చేవాణ్ణి అన్నాను. వాడు పానా ఎత్తినవాడు ఎత్తినట్టే నిలబడిపోయాడు. కాసేపటికి దాన్ని నా బల్ల మీద పెట్టి, టీ తెప్పించమన్నాడు. ఇరవై మూడేళ్ళకి తెలిసింది నాకు, మాటకి కూడా మనిషిని ఆపే బలం ఉంటుందని.

దీనికి బదులుగా నేను మావయ్యకి హిందీ నేర్పాలి. ఆయియే, బైఠియే, దేఖియే అని రోజూ వల్లె వేయించాను. ఏం అనాలో అన్నీ చెప్పాను. ఏం అనకూడదో ఆ ఒక్కటీ చెప్పలేకపోయాను. టాటీబంధ్‌లో పొద్దున్నించి సాయంత్రం దాకా అమ్మనీ అక్కనీ కలిపి తిట్టే నోరు నాది. మేనమామ ముందు ఆ బూతు మాట అర్థం చెప్పడానికి మాత్రం పెదవి కదల్లేదు. ఆయన ముందు నేను కాలు మీద కాలు వేసుకుని కూడా కూర్చోను. అమ్మ చెబుతుందిలే అనుకున్నాను. అన్నగారికి ఆ మాట ఆవిడెలా చెబుతుంది? నాన్న బావమరిదితో పరాచికాలైనా ఆడడు. మా ఇంట్లో ముగ్గురికి ముగ్గురం మర్యాదస్తులం.

కొట్లో చేరి వారం తిరక్కుండా మావయ్య సంబరంగా ఇంటికొచ్చాడు.

“ఈ ఊరోళ్ళు శానా మంచోళ్ళురా. నేను నోరిప్పితే సాలు, కొట్లో కుర్రోళ్ళందరూ నవ్వుతారు. నా తెలుగు బాగుందట. ‘చాచా, అదే మాట అను’ అంటారు.”

ఏ మాట అని అడగక్కర్లేకపోయింది. రద్దీలో ఆయనకి హిందీ మర్చిపోయి తెలుగు వచ్చేస్తుంది. చేతులు జోడించి ‘రండమ్మా, రండి’ అంటాడు. మిగతా సేల్స్‌మన్లు తానుల వెనక నక్కి పొట్టలు పట్టుకుని నవ్వుతారు. మగవాళ్ళు తోడులేని ఆడవాళ్ళు వచ్చినప్పుడల్లా ఆయన్నే గుమ్మం దగ్గరికి తోస్తారు. చాలామంది ఆడవాళ్ళు ఆయన తెల్లచొక్కా, జోడించిన చేతులు చూసి తామే తప్పు విన్నామనుకుని ఉంటారు. ఆ సేల్స్‌మన్లని తన్నాలని మాత్రం నాకు వెంటనే తోచింది. మావయ్యకి చెప్పాలని అప్పుడు కూడా తర్వాతే తోచింది.

రెండుసార్లు ప్రయత్నించాను. ఒకసారి ఆటోలో, మావయ్యా హిందీలో కొన్ని మాటలకి అర్థాలు వేరుగా ఉంటాయి అని మొదలుపెట్టాను. ఆయన శ్రద్ధగా నా వైపు తిరిగి, ఏ మాటలురా అన్నాడు. మన ‘చూడు’ వాళ్ళకి గాజులనే ‘చూడీ’లా వినిపిస్తుందని ఏదో చెప్పి తప్పించుకున్నాను. రెండోసారి ఇంటి అరుగు మీద, ఆ మాత్రం కూడా చెప్పలేకపోయాను. ఆయన కొట్లో చేరి మూడు వారాలు గడిచాయి.

పెళ్ళిళ్ళ కాలం. ఆ మధ్యాహ్నం లారీలవాళ్ళ సమ్మె వల్ల మా ఆఫీసు మూసేస్తే, మావయ్యకి భోజనం నేనే తీసుకెళ్ళాను. పండరీ సందు మొదట్లోనే అరుపులు వినిపించాయి. కొట్టు ముందు ముప్పై మంది మూగి ఉన్నారు. జనాన్ని తోసుకుని వెళ్ళేసరికి మావయ్య మెట్ల మీద కూలబడి ఉన్నాడు. ముక్కు పగిలి తెల్లచొక్కా ముందంతా ఎర్రగా తడిసిపోయింది. పెళ్ళికూతురిని వెంటబెట్టుకుని చీరలకి వచ్చిన కుటుంబం అది. ముందు ఆడవాళ్ళే లోపలికి వచ్చారట, స్కూటర్లు పెట్టి వెనకాల వస్తున్న ఇద్దరు అన్నదమ్ములూ తెరిచిన తలుపులోంచి ఆ ‘రండి’ విన్నారు. ఒకడు ఆయన జుట్టు పట్టుకుని ఉన్నాడు, ఇంకొకడి చేతిలో గుడ్డలు కొలిచే ఇనప మీటరు కడ్డీ. పక్క కొట్లవాళ్ళు విషయం తెలియకపోయినా తలో తన్నూ తన్నుతున్నారు. మావయ్య ఇంకా చేతులు జోడించే ఉన్నాడు. నవ్విన సేల్స్‌మన్లలో ఒక్కడూ బయటికి రాలేదు.

నేను కొట్టలేదు. డబ్బా వదిలేసి ఆయనకి అడ్డంగా నిలబడి, ఆయన నేర్పిందే చేశాను. మీ కోపం న్యాయమే, మా చెల్లెలిని అంటే నేనూ ఇలాగే కొట్టేవాణ్ణి అన్నాను. అన్నదమ్ముల్లో పెద్దవాడు కడ్డీ దించాడు. జనం కాస్త వెనక్కి జరిగారు. ఇది తెలుగు మాట, దీనికి దయచేసి లోపలికి విచ్చేయండని అర్థం అని చెప్పాను. పెళ్ళికూతురు నన్నే చూస్తోంది, ఆ పిల్ల నమ్మిందని నాకు తెలుసు. అప్పుడు పెద్దవాడు నింపాదిగా అడిగాడు.

“అయితే మీ అమ్మని కూడా ఇలాగే పిలుస్తావా?”

“నహీ,” అన్నాను.

నిజమే కదా. సొంత అమ్మని ‘రా’ అంటాం, బయటివాళ్ళని గౌరవిస్తే ‘రండి’ అంటాం. ఆ ‘నహీ’ తర్వాత ఈ ముక్క ఉంది, నా నాలుక చివర తయారుగా ఉంది. ఎవరూ వినలేదు. సొంత అమ్మని అనడట, మన చెల్లెళ్ళని అంటాడట అని వెనక నుంచి ఒకడు అరిచాడు. కడ్డీ నా భుజం పక్క నుంచి దిగి మావయ్య దవడ మీద పడింది. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. ఆయన అరవలేదు కూడా, కింది దవడ ఒక పక్కకి వేలాడింది.

ఆ తర్వాత నేను చేసింది నాకు ముక్కలుగానే గుర్తుంది. కడ్డీ నా చేతిలోకి ఎలా వచ్చిందో తెలియదు. ఆ పెద్దవాడి మణికట్టు మీద కొట్టాను, అది వంగకూడని వైపు వంగింది. వాడు పడ్డాక మోకాలి మీద కొట్టాను. ఆపమని ఆ పిల్ల ఏడుస్తుంటే వినిపించింది, అయినా ఇంకోసారి కొట్టాను. ఎవరో ఇటుకతో నా నోటి మీద కొట్టారు. నాదీ మావయ్యదీ నెత్తురు గుమ్మంలో పెట్టిన పచ్చరంగు తాను మీద పడిందనీ, దాన్ని పక్కకి లాగడానికి మాత్రం సేల్స్‌మన్లు బయటికి వచ్చారనీ గుర్తుంది.

పోలీసు స్టేషన్లో రాజీ కుదిరింది. పెళ్ళింట్లో కేసులెందుకని వాళ్ళూ, మావయ్య ఉన్న స్థితిలో తిరగలేక మేమూ సంతకాలు పెట్టాం. టాటీబంధ్ ఆఫీసులో నన్ను మళ్ళీ రావద్దన్నారు. మావయ్య పళ్ళకి తీగలు చుట్టి, పైదవడా కిందిదవడా కలిపి బిగించారు. నెలన్నర దాకా గొట్టంతో జావ తప్ప మరేమీ లేదు, మాట అసలే లేదు.

నాలుగో రోజు ఆస్పత్రిలో ఆయన మంచం పక్కన నేనూ అమ్మా ఉన్నాం. ఆయన సైగ చేసి కాగితం అడిగాడు. వంకర అక్షరాలతో రాశాడు: ‘నేనేమన్నాన్రా?’

అప్పుడు అర్థమైంది. అంతమంది అన్ని దెబ్బలు కొట్టినా, ఎందుకు కొడుతున్నారో ఆయనకి తెలియదు. అప్పటికీ తెలియదు. నేను చెప్పాను. ఆ మాట వాళ్ళకేమవుతుందో, ఏ ఆడవాళ్ళని అలా అంటారో, నలిగిన నా నోటితో స్పష్టంగా తెలుగులో చెప్పాను. అమ్మ గోడ వైపు తిరిగిపోయింది. చెప్పడానికి అర నిమిషం పట్టింది.

ఆయన చూపు పైకప్పు మీదికి వెళ్ళింది. మూడు వారాల్లో తను చేతులు జోడించి పిలిచిన ఆడవాళ్ళందరూ ఆ కళ్ళ ముందు నుంచి వెళుతున్నారని నాకు తెలుస్తూనే ఉంది. కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. మళ్ళీ కాగితం తీసుకున్నాడు. ‘నీకు ముందే తెలుసా?’

అబద్ధం చెప్పగలిగేవాణ్ణే. ఎలా చెబితే ఎదుటివాడు నమ్ముతాడో ఆయనే నేర్పాడు.

“తెలుసు మావయ్యా. మీరొచ్చిన రోజు నుంచీ తెలుసు.”

ఆయన మోచేతి మీద ఆనుకుని లేచాడు. సూది గుచ్చి ఉన్న చెయ్యి కాకుండా రెండోది ఎత్తి, నా చెంప మీద బలంగా కొట్టాడు. పెదవి కుట్లు రెండు తెగి, నోరు ఉప్పగా అయింది. అమ్మ వెనక్కి తిరిగి చూసింది, ఆపలేదు. నేను చెయ్యి అడ్డం పెట్టకుండా తిన్న దెబ్బ నా బతుకులో అదొక్కటే.