నోట్లో నిప్పు

అప్పటికి నేను పళ్ల డాక్టరునై రెండు నెలలు. శ్రీకూర్మం నుంచి శ్రీకాకుళం వెళ్లే బస్సులో ఒక ముసలామె ఖాళీ చేపల గంపతో నా పక్కన కూర్చుంది. చేతిలో ఆరిపోయిన చుట్ట ముక్క. కాలిన కొసే ఉమ్మితో తడిసి ఉంది. అడ్డపొగ! నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని తాగడం మా తీరంలో ఆడవాళ్లకు పాత అలవాటు.

"నేను పళ్ల డాక్టర్ని. అది మానకపోతే క్యాన్సర్ వస్తుంది, తెలుసా?" అన్నాను, ఆమె అడక్కుండానే.

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగిపోయింది.

నాకు సిగ్గేసింది. చిన్నప్పటి నుంచీ ఉన్న సందేహం అడిగాను. "అమ్మా, నిప్పు లోపలుంటే నాలుక కాలదా?"

కొంగు చాటున నవ్వింది. "నాలిక కిందకి అణిసి పెట్టాల బావూ. ఒడ్డు మీద గాలికి బయట నిప్పు నిలుస్తాదేటి? మాయమ్మ నేర్పినాది."

శ్రీకాకుళం దగ్గరపడుతుండగా కొంగు తీసేసింది. "అంగిట్లో ఏటో గట్టిగా తగుల్తన్నాది. తిడతారని ఎవులికీ సూపలేదు. నువ్వు సూడు."

కిటికీ వెలుతురులోకి తలెత్తి నోరు తెరిచింది.

చూశాను. పెద్దాసుపత్రిలో ఎవరికి చూపించాలో రెండుసార్లు చెప్పాను. వెళ్లిందో లేదో తెలియదు.

ఇప్పటికీ చుట్ట వాసనతో ఎవరైనా నా క్లినిక్‌లో రోగి కుర్చీలో కూర్చుంటే, "నాలుక కాలదా అమ్మా?" అనే మొదలుపెడతాను. జవాబు నాకు తెలుసు. అయినా చివరిదాకా వింటాను. ఆ తర్వాత నోరు తెరవమని నేను చెప్పక్కర్లేదు.