కొంగు వెతికిన కమాండ్

గద్వాలలో మా చిన్నాయన మగ్గం ఆగిపోయింది. చీర ఒంటి భాగం, అంచులు అయిపోయాయి, కొంగు మిగిలింది. దాని డిజైన్ కంప్యూటర్‌లో ఉంది. ఆ కంప్యూటర్ లేవడం లేదు. పైగా అది అమ్మే చీర కాదు. ఊరందరికీ నేసిన మనిషి, పెళ్లయిన ఇన్నేళ్లకు మొదటిసారి చిన్నమ్మ కోసం నేస్తున్నాడు.

"నువ్వు జేసిన కంప్యూటరే గదా బిడ్డా, నువ్వే జూడు" అన్నాడు ఫోన్‌లో. వనపర్తిలో ఇంట్లోనే కూర్చుని సర్వర్లు చూసుకునే ఉద్యోగం నాది. ఆయన పాత డబ్బా పాడయ్యేముందు దాన్ని మొత్తం ఒకే పెద్ద ఫైలుగా మార్చి, కొత్త ల్యాప్‌టాప్‌లో వర్చువల్ మెషిన్‌గా నడిచేలా చేసింది నేనే. కంప్యూటర్ పొట్టలో ఇంకో కంప్యూటర్ అన్నమాట. బస్సెక్కి పోయి చూస్తే ఆ లోపలిది నీలం తెర చూపించి మొండికేసింది. అసలే నాకు కోపం ముక్కు మీదుంటుంది. దాన్ని నాలుగు తిట్టి, లేపే ప్రయత్నం మానేశాను.

లేపకుండానే ఆ ఫైలులో ఏమేం ఉన్నాయో చూపించే కమాండ్లున్నాయి. నల్ల తెర తెరిచి, చదవడమే తప్ప దేన్నీ మార్చొద్దని షరతు పెట్టి, ఒక్క వరుస కొట్టాను. ఫైళ్ల పేర్లు బిలబిలా దిగాయి.

"అబ్బో! తాళం తియ్యకుండనే ఇంట్ల సామానంత జూస్తున్నవ్!" అన్నాడు చిన్నాయన.

"ఫైలుకు పేరేం పెట్టినవ్?" అని అడిగాను.

"కొంగు అనే పెట్టుంట. ఇంకేం పెడ్త?"

కొంగు అని ఇంగ్లీషు అక్షరాల్లో వెతికాను. దొరికినవి బయటికి తీసి చూపిస్తే, "ఇది గాదు, ఇదీ గాదు" అన్నాడు. స్పెల్లింగులు మార్చాను, పల్లు అన్నాను, అంచు అన్నాను. ఊహూఁ.

"పోనీ తియ్యి. మీ చిన్నమ్మకు ఆ చీర రాసిపెట్టి లేదు" అన్నాడు, మగ్గం వైపు చూడకుండా.

చిన్నమ్మ వంటింట్లోంచి తొంగిచూసింది. "సెరగు అని జూసినవా బిడ్డా?"

చిన్నమ్మ పుట్టిల్లు రాయచూరు వైపు. కొంగును సెరగు అనే అంటుంది. ఆ మాట పట్టుకుని చిన్నాయన వెక్కిరించని రోజు లేదు.

"నీ కన్నడం నా కంప్యూటర్ల ఎందుకుంటదే?" అని ఇప్పుడూ నవ్వాడు.

కొట్టాను. ఒకే ఒక్క ఫైలు. పదకొండేళ్ల కిందటి తారీఖు. బయటికి తీసి తెరిస్తే మామిడి పిందెలు, వాటి మధ్య బుల్లి హంసలు.

"ఇదే! ఇదే బిడ్డా!" ఆయన ఎగిరి గంతేసినంత పని చేశాడు. సాయంత్రానికల్లా మగ్గానికి డిజైన్ చెప్పే చిల్లుల అట్టలు కొట్టించొచ్చు, మగ్గం మళ్లీ ఆడుతుంది. నేనూ కాలరెగరేశాను.

చిన్నమ్మ మాత్రం తెర దగ్గరికొచ్చి ఆ పేరును ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది.

"పదకొండేండ్ల సంది నన్ను ఎక్కిరించుకుంట, నా మాటే రాసి పెట్టుకున్నవా?"

చిన్నాయన తల గోక్కున్నాడు. "జర చాయ్ పెట్టరాదే" అన్నాడు.

ఆమె తెర ముందు నుంచి కదల్లేదు. ఆ పూట చాయ్ ఆయనే పెట్టాడు.